విమానమెక్కే చేపలు, పీతలు, కూరలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖ నుంచి విదేశాలకు విమానంలో తిండి సరుకు పంపడం గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎగుమతి ప్యాకింగ్, కార్గో పనుల్లో అనుభవం ఉన్నవాళ్ల చేత జవాబులు రాయించాం.

ప్రశ్న: వంజరం, సూర చేపలు తాజాగా సింగపూర్ పంపాలనుకుంటున్నాం. 20 కేజీల పెట్టెకు ఐసు ఎంత కావాలి? నమూనాగా పంపిన పెట్టెలో చేప మెత్తబడిందని అక్కడివాళ్లు చెప్పారు. – ఫిషింగ్ హార్బర్ ప్రాంతం నుంచి ఒక వ్యాపారి

జవాబు: ఐసు లెక్క చెప్పేముందు ఒక మాట అండి. పెట్టె చేపను చల్లబరచదు. చేపలో అప్పటికే ఉన్న చలిని కొన్ని గంటలు కాపాడుతుంది, అంతే. 20 డిగ్రీల దగ్గరున్న చేపను 10 కేజీలు పెట్టెలో వేస్తే, దాన్ని సున్నాకు దించడానికే 2 కేజీలకు పైగా ఐసు కరిగిపోతుంది. ప్రయాణం కోసం వేసిన ఐసు బండి ఎక్కకముందే ఖర్చయిపోతుంది. మీ చేప మెత్తబడటానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది.

అందుకని చేప పెట్టెలోకి వెళ్లేసరికి దాని నడిమి వేడి 0 నుంచి 2 డిగ్రీల మధ్య ఉండాలి. తల వెనక మందంగా ఉన్నచోట వెన్నెముక దాకా సూది థర్మామీటరు గుచ్చి చూడండి. చర్మం మీద చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. పెద్ద సూరను నీరు కలపని మామూలు ఐసు ముక్కల మధ్య పడుకోబెడితే లోపలి దాకా చలి చేరడానికి చాలా గంటలు పడుతుంది. ఐసు, సముద్రపు నీరు కలిపిన తొట్టిలో ముంచితే అన్నివైపులా తాకుతుంది కాబట్టి త్వరగా దిగుతుంది. పేగులు, మొప్పలు తీసి, రక్తం కార్చి ముంచాలి.

సూర, వంజరం, కానాగంత రకాలకు ఇంకో ప్రమాదం ఉంది. చేప చచ్చాక వేడిలో ఉంటే దాని కండలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఒకసారి తయారైన హిస్టమిన్ వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. అమెరికా లెక్కలో చేప 4.4 డిగ్రీల దిగువకు చేరాలి, అక్కడే ఉండాలి. యూరప్‌లో 9 నమూనాలు తీస్తారు. వాటి సగటు కేజీకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు, ఏ ఒక్కటీ 200 దాటకూడదు. పడవ మీద ఐసు పొదుపు చేసిన చేపను విమానాశ్రయంలో ఎవరూ బాగు చేయలేరు. వేసవిలో చేప ఎంతో ఐసు అంతా పడవలోనే ఉండాలి.

ఇప్పుడు పెట్టె లెక్క. బయటి కొలత 70×40×30 సెంటీమీటర్లు, గోడ మందం 4 సెంటీమీటర్లు ఉన్న థర్మాకోల్ పెట్టె అనుకుందాం. బయట సగటున 28 డిగ్రీలు ఉంటే ఆ పెట్టెలో గంటకు దాదాపు పావు కేజీ ఐసు కరుగుతుంది. గోడ 3 సెంటీమీటర్లే అయితే కరిగేది గంటకు 350 గ్రాములకు దగ్గర. చవకగా దొరుకుతోందని పల్చటి పెట్టె కొంటే ఆ తేడా ఐసు బరువుగా, దాని మీద విమాన కిరాయిగా తిరిగి కట్టాలి.

గంటలను సీలు వేసిన క్షణం నుంచి అవతలివాళ్లు పెట్టె విప్పేదాకా లెక్కించండి. విశాఖ నుంచి నేరుగా వెళ్లే విమానం దొరికితే గాలిలో ఉండేది 4 గంటలే. కానీ ప్యాకింగ్ ముగిశాక కార్గో షెడ్డుకు 2 గంటలు, స్కానింగ్, కస్టమ్స్, ఎక్కింపుకు 5, అవతల దిగి విడుదలయ్యేదాకా మరో 4 కలిపితే 15 అయింది. విమానం తప్పితేనో, పెట్టె దించేస్తేనో ఆదుకోవడానికి ఇంకో 10 గంటలు కలపండి. మొత్తం 25 గంటలు, అంటే 6 నుంచి 6.5 కేజీల ఐసు. అదే సరుకు హైదరాబాద్ మీదుగా వెళ్తే 600 కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం తోడవుతుంది. ఆ దారికి రీఫర్ లారీ (లోపల చల్లబరిచే యంత్రం ఉన్నది) తప్పదు. లారీలో 2 డిగ్రీలు ఉంటే ఆ గంటలకు ఐసు లెక్క దాదాపు సున్నా.

తడి ఐసును చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు. ఉప్పు, చేప నీరు కలిసిన ద్రవం విమానం నేల లోహాన్ని, తీగలను తినేస్తుంది. ఒక్క పెట్టె కారినా మొత్తం సరుకు దించేస్తారు. అందుకే అంతే బరువు జెల్ ప్యాక్‌లు (లోపల జెల్ నింపి మూసేసిన సంచులు) వాడండి. వాటిని ఫ్రీజర్లో -18 దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించాలి. ఫ్రీజర్లోంచి తీసినవి తీసినట్టు చేపకు ఆనిస్తే అక్కడ చర్మం గడ్డకట్టి, కరిగాక మెత్తబడుతుంది. మధ్యలో ఒక కాగితపు పొర ఉండాలి. మూడొంతుల ప్యాక్‌లు పైన, ఒక వంతు అడుగున పెట్టండి, చల్లగాలి కిందికే దిగుతుంది. పెట్టె అడుగున నీరు పీల్చే ప్యాడ్, దానిమీద రెండు పొరల మందపాటి పాలిథిన్ సంచి. సంచి మూతి మెలేసి, మడిచి కట్టాలి. మూత చుట్టూ టేపు, బయట అట్టపెట్టె. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మాత్రం తాజా చేపకు వేయకండి, దగ్గరున్న చేప గడ్డకట్టుకుపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. ఈసారి వెళ్లేటప్పుడు రొయ్యల ఇగురు, చేపల పులుసు, కోడికూర గడ్డకట్టించి లగేజీలో ఇచ్చి పంపాలని ఉంది. డ్రై ఐస్ పెట్టనిస్తారా? – ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కోడికూర వద్దమ్మా. మన దేశం నుంచి కోడి, మేక మాంసం అమెరికాలోకి రానివ్వరు. కూరైనా, పచ్చడైనా అంతే. రొయ్యలు, చేపలు సొంత వాడకానికి తీసుకెళ్లొచ్చు. కాకపోతే తిండి పదార్థాలు ఉన్నాయని కస్టమ్స్ దగ్గర చెప్పి తీరాలి. చెప్పి చూపిస్తే, ఒకవేళ పనికిరాదన్నా పారేయడంతో పోతుంది. దాచిపెడితే జరిమానా 10,000 డాలర్ల దాకా వెళ్లొచ్చు.

డ్రై ఐస్ ఒక్కో ప్రయాణికుడికి 2.5 కేజీల వరకే, అదీ విమాన సంస్థ ముందుగా ఒప్పుకుంటేనే. టికెట్ కొన్నాక కస్టమర్ కేర్‌కు చెప్పి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. రెండు సంస్థల విమానాలు మారితే రెండింటి అనుమతీ కావాలి. పెట్టె మీద 'డ్రై ఐస్' అని, ఎన్ని కేజీలో, లోపల ఏముందో ఇంగ్లీషులో రాయాలి.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. -78.5 డిగ్రీల దగ్గర ద్రవం కాకుండా నేరుగా వాయువవుతుంది. ఒక కేజీ నుంచి దాదాపు 500 లీటర్ల వాయువు వస్తుంది. ఆ వాయువు పోవడానికి దారి ఉండాలి. మూత చుట్టూ టేపు బిగించేసిన పెట్టె ఉబ్బి పగులుతుంది. సీసాలో, స్టీలు డబ్బాలో బిగిస్తే పేలుతుంది. కారులో తీసుకెళ్లేటప్పుడు అద్దాలు దించండి, పెట్టెను డిక్కీలో పెట్టండి. పట్టుకోవడానికి మందపాటి గ్లౌజులు తప్పనిసరి. ఇంట్లో పిల్లలుంటే ప్యాకింగ్‌కు గంట ముందు మాత్రమే తెప్పించండి.

అయితే 2.5 కేజీలు ఎంతసేపు వస్తాయన్నది అసలు ప్రశ్న. 5 సెంటీమీటర్ల గోడ ఉన్న మధ్యరకం పెట్టెలో రోజుకు 4 కేజీల చొప్పున ఆవిరవుతుంది. అంటే మీ వాటా 15 గంటలకు అయిపోతుంది. విశాఖలో ఇల్లు కదిలినప్పటి నుంచి న్యూజెర్సీలో తలుపు తీసేదాకా 30 గంటలు దాటుతుంది. మిగతా గంటలను కూరలోని చలితోనే గట్టెక్కించాలి. కాబట్టి పులుసును డబ్బాల్లో కాకుండా, అర కేజీ చొప్పున సంచుల్లో పోసి, 2-3 సెంటీమీటర్ల మందంలో పలకల్లా పరచి గడ్డకట్టించండి. పలకైతే లోపలి దాకా త్వరగా గడ్డకడుతుంది, పెట్టెలో సందు లేకుండా సర్దుకుంటుంది. వేడి తగ్గాక ఫ్రిజ్‌లో చల్లబరిచి, ఆ తర్వాతే ఫ్రీజర్లో పెట్టండి. ఒకేరోజు 10 కేజీలు కుక్కితే ఇంటి ఫ్రీజర్ తట్టుకోలేదు. రోజుకు 2 కేజీల చొప్పున నింపుతూ, చివరి సంచి పెట్టాక రెండు రోజులు ఆగండి. సంచిలో గాలి మొత్తం తీసేయాలి. విమానంలో పీడనం తగ్గుతుంది కాబట్టి గాలి నిండిన సంచి ఉబ్బి అతుకు ఊడుతుంది.

పెట్టెలో 3 కేజీల కన్నా 10 కేజీలు ఉంటేనే ఎక్కువసేపు గట్టిగా ఉంటుంది. పెట్టెలో ఖాళీ ఉంటే కాగితాలు కుక్కండి. అక్కడ విప్పినప్పుడు మధ్యలో ఐసు పలుకులు ఇంకా ఉంటే మళ్లీ ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు. పూర్తిగా నీరై, చేతికి గోరువెచ్చగా తగిలితే మొహమాటం లేకుండా పారేయమని అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: బతికున్న మండపీతలు మలేషియా పంపుతుంటే మూడోవంతు చచ్చిపోతున్నాయి. చల్లగా ఉండాలని ఐసు కూడా వేస్తున్నాం. – భీమిలి నుంచి

జవాబు: ఐసే చంపుతోందండి. మండపీత నీటి బయట కొన్ని రోజులు బతుకుతుంది, మొప్పలు తడిగా ఉన్నంతకాలం. దానికి కావాల్సింది 16 నుంచి 20 డిగ్రీల చల్లదనం, తేమ, గాలి. ఐసు తగిలితే ఒక్కసారిగా చలి కొడుతుంది, పైగా కరిగిన మంచినీరు ఉప్పునీటి జీవి మొప్పల్లోకి పోతుంది. అడుగున నీళ్లు నిలిస్తే అందులో ఆక్సిజన్ అయిపోయి కింది వరుస మొత్తం పోతుంది. మీరు విప్పినప్పుడు చచ్చినవి ఎక్కువగా అడుగునే ఉంటున్నాయా, చూడండి.

కట్టిన పీతలను ఉప్పునీటిలో కడిగి, ఒక పూట మేత లేకుండా చల్లటి గదిలో ఉంచండి. కంటి కాడను పుల్లతో తాకితే చటుక్కున లోపలికి ముడుచుకోవాలి. నెమ్మదిగా ముడిచేవి, కాళ్లు వేలాడేసేవి ఆ రోజు పెట్టెలోకి వెళ్లకూడదు. పొట్ట వైపు బొటనవేలితో నొక్కితే లోపలికి అణిగేవి కూడా వద్దు, అవి ఈమధ్యే పొర విడిచినవి, కండ పట్టలేదు. ఈ ఏరివేతలో కటువుగా ఉండాలి. ఒక పీత చస్తే ఆ కుళ్లు పక్కవాటిని కూడా తీస్తుంది.

పెట్టె పక్కలకు గాలి రంధ్రాలు పెట్టండి. ఉప్పునీటిలో తడిపి బాగా పిండిన గోనె అడుగున, పైన వేయండి. పీతలను బోర్లించకుండా, నోరు పైవైపు వచ్చేలా ఒకదాని పక్కన ఒకటి బిగువుగా సర్దండి. వేసవిలో ఒక చిన్న జెల్ ప్యాక్‌ను కాగితంలో నాలుగు మడతలు చుట్టి మూతకు లోపలివైపు అంటించండి. డ్రై ఐస్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు, దాని వాయువు పీతల ప్రాణం తీస్తుంది. బుకింగ్ అప్పుడే 'ఏవీఐ' అని, అంటే ప్రాణమున్న సరుకని చెప్పి రాయించండి. అప్పుడు డ్రై ఐస్ పెట్టెలకు దూరంగా ఎక్కిస్తారు. చేపల సరుకని రాయిస్తే ఆ జాగ్రత్త ఉండదు.

ప్రశ్న: తూకంలో 14.5 కేజీలు ఉన్న పెట్టెకు 18 కేజీల కిరాయి వేశారు. మోసమా? – గాజువాక నుంచి

జవాబు: మోసం కాదు. విమానంలో బరువుతో పాటు చోటుకూ వెల ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. వచ్చిన అంకె, తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి. మీ పెట్టె 60×45×40 అని రాశారు. గుణిస్తే 1,08,000, భాగిస్తే 18. కొరియర్ సంస్థల్లో చాలావాటిది 5000 భాగహారం, వాళ్ల దగ్గర ఇదే పెట్టె 21.6 అవుతుంది.

కొలత తీసేది బయటి అట్టపెట్టె మీద, అదీ ఉబ్బిన చోట. ఎత్తు 40 నుంచి 35కు తగ్గిస్తే మీ లెక్క 15.75కు దిగుతుంది, కార్గోలో తర్వాతి అర కేజీకి పెంచి 16గా రాస్తారు. గోడ మందం తగ్గించి చోటు మిగల్చకండి, లోపలి ఖాళీ తగ్గించండి.

ఇంకొకటి, కార్గో రేటు 45 కేజీల దగ్గర, మళ్లీ 100 దగ్గర తగ్గుతుంది. ఉదాహరణకు 45 లోపు కేజీ 200 రూపాయలు, ఆపైన 150 అనుకోండి. 40 కేజీలకు 8,000 అవుతుంది. 45 ఉన్నట్టు బిల్లు వేయమంటే 6,750. ఇది నిబంధనల్లో ఉన్నదే, ఏజెంటును అడగండి.

ప్రశ్న: సువర్ణరేఖ మామిడిపళ్లు అమెరికాలో ఉన్న చుట్టాలకు కొరియర్‌లో పంపొచ్చా? – అనకాపల్లి నుంచి

జవాబు: కుదరదు. మామిడి ఈగల భయంతో అమెరికా మన పండును 2007 నుంచి ఒక షరతు మీదే తీసుకుంటోంది. పండుకు కనీసం 400 గ్రేల (రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ ఇచ్చి, వాళ్ల వ్యవసాయ శాఖ ఒప్పుకున్న కేంద్రంలో తనిఖీ చేయించి పంపాలి. అది వ్యాపార సరుకుకే వీలవుతుంది. సూట్‌కేసులో పెట్టిన పండును దిగిన చోటే తీసి పారేస్తారు. తాండ్ర, ఆవకాయ పంపండి. ఆవకాయ జాడీని నిండా నింపకుండా రెండు వేళ్ల ఖాళీ వదలండి. నూనె ఊటతో ఉంటుంది కాబట్టి చేతి సంచిలో కాక లగేజీలో పెట్టాలి.

వ్యాపారంగా వేరే దేశాలకు పంపేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, మామిడికి చలి ఎక్కువైనా చేటే. పక్వానికి వచ్చిన పచ్చికాయను 12-13 డిగ్రీల దగ్గర ఉంచాలి. అంతకన్నా దిగువ రోజుల తరబడి ఉంటే తొక్క మీద బూడిదరంగు మచ్చలు పడతాయి, ఆ కాయ తర్వాత సరిగా పండదు. చేపల పెట్టెలతో కలిపి 2 డిగ్రీల గదిలో పెట్టేసే షెడ్లున్నాయి, అందుకే పెట్టె మీద ఉష్ణోగ్రత పెద్ద అక్షరాలతో రాయించండి. చెక్క ప్యాలెట్ వాడితే దాన్ని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేసినట్టు ముద్ర ఉండాలి, లేకపోతే పండు బాగున్నా చెక్క వల్ల సరుకు ఆగుతుంది.

ప్రశ్న: కొత్తగా మొదలుపెడుతున్నాం. కాగితాలు ఏ వరుసలో? – సీతమ్మధార నుంచి

జవాబు: ముందు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) దగ్గర ఎగుమతి-దిగుమతి కోడ్. తర్వాత సరుకును బట్టి నమోదు. చేపలు, రొయ్యలు, పీతలకు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ), దాని కార్యాలయం విశాఖలోనే ఉంది. పండ్లు, కూరగాయలకు అపెడా (వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ). మొక్కల సరుకుకు ఫైటోశానిటరీ (చీడపీడలు లేవనే) సర్టిఫికెట్ కావాలి, దాని కోసం హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, ప్లాంట్ క్వారంటైన్ స్టేషన్ ఇక్కడే ఉంది. చేపలకు అవతలి దేశం అడిగే ఆరోగ్య సర్టిఫికెట్‌ను ఎగుమతి తనిఖీ సంస్థ ఇస్తుంది. యూరప్‌కైతే వాళ్లు గుర్తించిన ప్లాంటులో శుద్ధి చేసిన సరుకే వెళ్లాలి. ఇంట్లో ప్యాక్ చేసింది చెల్లదు.

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు సిద్ధమయ్యాక కస్టమ్స్ బ్రోకర్ షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేస్తారు. అమెరికాకు విమానంలో వెళ్లే ఆహారం గురించి అది దిగడానికి కనీసం 4 గంటల ముందే అక్కడి ఎఫ్‌డీఏకు (ఆహార, మందుల నియంత్రణ సంస్థకు) ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. సరుకు ఆగిపోయే సందర్భాల్లో ఎక్కువ భాగం చలి వల్ల కాదు, కాగితాల్లో తేడాల వల్ల. ఇన్వాయిస్‌లో 'ఫ్రెష్' అని, ఆరోగ్య సర్టిఫికెట్‌లో 'చిల్డ్' అని, ఎయిర్‌వే బిల్లులో (విమాన సంస్థ రవాణా పత్రంలో) 'ఫ్రోజెన్' అని ఉంటే అక్కడి అధికారి ఆపుతారు. పెట్టెల సంఖ్య, నికర బరువు, చేప శాస్త్రీయ నామం అన్ని కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. డ్రై ఐస్ వేస్తే దాని బరువును నికర బరువులో కలపకండి. పెట్టె మీద, ఎయిర్‌వే బిల్లులో యూఎన్ 1845 నంబరుతో విడిగా రాయాలి, తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు లేబుల్ అంటించాలి.

విమానం ఖాయమయ్యాకే ప్యాక్ చేయండి. శుక్రవారం సాయంత్రం పంపితే చాలా దేశాల్లో శని, ఆదివారాలు షెడ్డులో కూర్చుంటుంది. సోమ, మంగళవారాల్లో రాత్రి విమానం అన్నిటికన్నా మేలు. మే నెలలో మధ్యాహ్నం విమానం పక్కన గంటసేపు నిలబెట్టిన ట్రాలీలో పెట్టె ఎంత చలి కోల్పోతుందో, గాలిలో ఉన్న మొత్తం సేపట్లో అంత పోకపోవచ్చు.

ప్రశ్న: గడ్డకట్టిన రొయ్యల నమూనాలు కరిగి చేరాయి. ఎవరిని అడగాలి? – అక్కయ్యపాలెం నుంచి

జవాబు: అందుకున్న 14 రోజుల్లోపు విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేరాలి. నష్టం లేకుండా ఆలస్యం ఒక్కటే అయితే 21 రోజులు. ఈ గడువు మాంట్రియల్ ఒప్పందంలోది (అంతర్జాతీయ విమాన రవాణా బాధ్యతల ఒప్పందం), దాటితే దావాకు దారి ఉండదు. ఎయిర్‌వే బిల్లులో సరుకు విలువను ప్రత్యేకంగా ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే, పరిహారం కేజీకి 26 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్లు) మించదు. ఖరీదైన సరుకుకు విడిగా బీమా చేయించండి. పాలసీలో చలి తప్పి పాడవడం కూడా కవర్ అవుతుందో లేదో చదివి మరీ తీసుకోండి.

ప్యాకింగ్ లోపమని తేలితే సంస్థ బాధ్యత ఉండదు కాబట్టి ఆధారం మీ చేతిలో ఉండాలి. సీలు వేసేముందు నడిమి ఉష్ణోగ్రత -18 చూపిస్తున్న థర్మామీటరు ఫొటో, డ్రై ఐస్ తూకం ఫొటో, పెట్టెలో ఒక డేటా లాగర్ (దారి పొడవునా ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం). లాగర్‌ను రొయ్యల మధ్య పెట్టండి. డ్రై ఐస్ పక్కన పెడితే చాలా లాగర్లు -30 దిగువన పనిచేయడం మానేస్తాయి, తీరా ఆధారం కావాల్సిన చోట ఖాళీ గీత వస్తుంది. అవతల విప్పేటప్పుడు కూడా ఫొటోలు తీయమని, సరుకు తీసుకున్నట్టు సంతకం పెట్టే కాగితం మీద 'కరిగి ఉంది' అని అక్కడికక్కడే రాయమని చెప్పండి.

ప్రశ్న: గృహప్రవేశం కోసం కురిడీ కాయలు లగేజీలో పెడితే తీసేశారు. ఎందుకు? – పెందుర్తి నుంచి

జవాబు: ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ. గాలాడని చోట తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని దాన్ని ప్రమాదకర సరుకుల జాబితాలో పెట్టారు. అందుకే చేతి సంచిలోనూ, లగేజీలోనూ రానివ్వరు. అక్కడి భారతీయ దుకాణంలో కొనుక్కోమని చెప్పండి.